పేరు లేని డిష్

"దొరికారు!" అని అరిచింది చియోరి, కల్చర్ గది తలుపు దగ్గరే నిలబడి.

తోటి పరిశోధకుడు మొరిజిమా ఒక చేతిలో ఆమె కణాలు పెంచుతున్న డిష్ ఉంది. ఇంకో చేతిలో పిపెట్. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అతని మీద ఆమె అనుమానం ఇవాళ్టిది కాదు. క్యోటోలోని ఆ ల్యాబ్‌లో మూలకణాలను గుండె కణాలుగా మార్చే పని చియోరిది. మొదటిసారి కుదరలేదు. నెలాఖరులోగా డిష్‌లో కణాలు కొట్టుకోకపోతే ఆ పని మొరిజిమాకి ఇచ్చేస్తానన్నారు ప్రొఫెసర్. సరిగ్గా అప్పటినుంచే అతను ఆమె బల్ల మీద మిఠాయిలు పెట్టడం మొదలుపెట్టాడు. ఊరికే ఎవరు పెడతారు? పైగా అందరూ తప్పించుకు తిరిగే ఆదివారం డ్యూటీని అడిగి మరీ తీసుకుంటున్నాడు, ఆమె వంతుతో సహా.

అందుకే ఆమె ఓ తెలివైన పని చేసింది. డిష్ మీద పేరు రాయకుండా, అందరి మామూలు మూలకణాలు ఉండే పై అరలో కలిపేసింది. అయినా రెండోసారీ పోయింది. గుండె కణాలు కాలేదు సరికదా, ఒకటి రెండై, రెండు నాలుగై, మొదట ఎలా ఉన్నాయో అలాగే పెరుగుతూ పోయాయి. ఇది మూడోసారి. ఇక నాలుగోసారికి టైము లేదు. అందుకే వానలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చింది.

"ఏం చేస్తున్నారు దాన్ని?"

"తిండి పెట్టబోతున్నానండి. ఆదివారం కదా."

"నా డిష్‌కి మీరెందుకు పెట్టడం?"

"ఇది మీదా?" అతను డిష్‌ని పైకెత్తి చూశాడు. "పేరు లేదే. పై అరలోవి డ్యూటీలో ఉన్నవాళ్లే చూడాలి కదా. పోయినసారి కూడా పాత ద్రవం తీసేసి కొత్తది పోశాను."

చియోరి స్టూలు మీద కూలబడింది. శనివారం ఆమె కలిపే మందు ఆ ద్రవంలోనే ఉంటుంది. మీరు గుండె అవ్వండి అని కణాలకు చెప్పేది అదే. అతను దాన్ని పారబోసి మామూలు తిండి పెట్టాడు. చెప్పేవాళ్లు లేక, అవి తమకు తెలిసిన పనే చేసుకుంటూ పోయాయి.

"ఇవాళ కూడా మార్చేశారా?"

"ఇంకా లేదు. మీరు అరిచారుగా." ఖాళీ పిపెట్ చూపించాడు. "అసలు అక్కడెందుకు పెట్టారండీ?"

"మీకు కనబడకూడదని. నా పని మీకు కావాలి కదా."

అతని ముఖం వాడిపోయింది. "వద్దని ప్రొఫెసర్‌కి అప్పుడే చెప్పేశాను."

"మరి మిఠాయిలు?"

"మీరు భోజనం మానేస్తున్నారు. అడిగితే కోప్పడతారు."

"ఆదివారాలు?"

"ఒక్కరోజైనా మీరు పడుకుంటారని."

చియోరికి సిగ్గేసింది. దానికి మించి సంతోషం వేసింది. ఆ సంగతి ముఖంలో కనిపించకుండా, డిష్ మీద తన పేరు బండ అక్షరాలతో రాసి తన అరలో పెట్టుకుంది.

నెల చివరి వారంలో ఒక పొద్దున, మైక్రోస్కోపు కింద చిన్న ముద్ద ఒకటి అదిరింది. ఆగింది. మళ్లీ అదిరింది. చియోరి మొరిజిమాని చెయ్యి ఊపి పిలిచింది.

అతను చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. "కొట్టుకుంటోంది."

"మీరు ముట్టుకోలేదు కదా?"

"డిష్‌ని ముట్టుకోలేదండి. మీ చెయ్యి పట్టుకోవచ్చా అని అడగాలని మాత్రం ఎప్పటినుంచో ఉంది."

చియోరి అతన్ని కిందినుంచి పైదాకా అనుమానంగా చూసింది.

"ముందు ఆ గ్లౌజులు తీసెయ్యండి," అంది.