సీజన్ అయ్యాక రండి

మా ఊళ్లో నీలం కిటికీల ఇంటికి చెడ్డపేరు ఉంది. చర్చి వెనక మెట్ల సందు ఎక్కితే చివర కనిపించేది అదే. చలికాలంలో దాని గుమ్మం ముందు పిల్లలు గోళీలాడుకుంటారు, పిల్లులు ముడుచుకుని పడుకుంటాయి. ఎవరికీ ఏమీ కాదు.

వేసవి వచ్చిందా... చీకటి పడ్డాక ఆ సందులో అడుగుపెట్టేవాళ్లుండరు. ఓడ దిగి వచ్చే అతిథులకి ఏమీ తెలీదు కాబట్టి వాళ్లే అందులో పడుకుంటారు.

వేసవిలో తిరిగే దెయ్యమేమిటి అని మీకు అనుమానం రావాలి. మంచి ప్రశ్నే. జవాబు కావాలంటే ముందు మా ద్వీపం పద్ధతి ఒకటి తెలుసుకోవాలి, కాస్త ఓపిక పట్టండి.

ఇక్కడ ఒక్కో ఇల్లూ ఏడాదికి రెండు బతుకులు బతుకుతుంది. వేసవిలో అది వచ్చిపోయే అతిథులది. అవతలి ఒడ్డున ఉన్న స్ప్లిట్ నగరం నుంచి ఓడలో వస్తారు, ఈత కొడతారు, చేపలు తింటారు, వెళ్లిపోతారు. తర్వాత ఓడలు తగ్గి, కొండల మీంచి ఈశాన్యపు గాలి మొదలవుతుంది. అప్పుడు అదే ఇంటిని యజమానులు బడి టీచర్లకీ, ఆస్పత్రివాళ్లకీ, రేవు గుమాస్తాలకీ ఇస్తారు. కాగితం ఉండదు. నోటిమాటే. మే నెలాఖరుకి ఆ చలికాలపు మనిషి రజాయి దండెం మీదికి ఎక్కుతుంది. అది చూసి, ఖాళీ చేస్తున్నారన్నమాట అని సందంతా తెలుసుకుంటుంది. మరి వేసవంతా ఎక్కడుంటారు? ఆ సంగతి ఎవరూ అడగరు. యజమాని మాత్రం నవ్వుతూ సాగనంపుతాడు— "సీజన్ అయ్యాక రండి."

మా దగ్గర అన్నిటికీ అదే మందు. కప్పు కారుతోందా? సీజన్ అయ్యాక. పన్ను పీకించుకోవాలా? సీజన్ అయ్యాక. పెళ్లి ముహూర్తమా? అదీ అంతే. చావబోయేవాళ్లు కూడా కాస్త ఆగితే బాగుండునన్నట్టే చూస్తారు.

మియో మాస్టారు ఆగలేదు.

ఆయన నేను పనిచేసే బళ్లోనే లెక్కలు చెప్పేవారు. అవతలి ఒడ్డున కొండపల్లె మనిషి. చలికాలం ఆ నీలం కిటికీల ఇంటి మేడగదిలో ఉండేవారు. వేసవి రాగానే పెట్టె పట్టుకుని రేవులో వలల కొట్టానికి పోయి, అక్కడ మడతమంచం వేసుకునేవారు. ఏళ్ల తరబడి అంతే. ఒక ఆగస్టులో ఆయనకి జ్వరం తగిలింది. కొట్టంలో ఉక్కపోత భరించలేక ఆ ఇంటికి వచ్చి తలుపు తట్టారు... రెండు రాత్రులు రాతిగోడల చల్లదనంలో పడుకోనివ్వమని. లోపల అతిథులున్నారు. యజమాని యాక్షా ఆయన భుజం తట్టి, "సీజన్ అయ్యాక రండి మాస్టారూ" అన్నాడట.

మాస్టారు వలల మధ్యే పోయారు. శవాన్ని ఓడలో వాళ్ల ఊరికి పంపించేశాం.

మరుసటి వేసవి నుంచి మొదలైంది. అందరూ నిద్రపోయాక ఆ ఇంటి తలుపు మీద వేలి కణుపుతో... మెల్లగా, మర్యాదగా... టక్ టక్. ఆ వెంటనే ఒక గొంతు.

"సీజన్ అయిపోయిందా?"

యాక్షా సామాన్యుడు కాడు. అతిథులకి తాళాలిస్తూ, వైఫై సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పేవాడు— "పక్కింటి తాగుబోతు ఒకడు రాత్రి తలుపు కొడతాడు. తియ్యకండి. 'యోష్ నె' అనండి చాలు, పోతాడు." అంటే 'ఇంకా లేదు' అని. ఆ ఇంట్లో దిగినవాళ్లు మా భాషలో నమస్కారం కంటే ముందు నేర్చుకునేది ఆ మాటే. వాళ్లు లోపల్నుంచి ముద్దుముద్దుగా 'యోష్ నె' అనేవారు, బయట అడుగులు మెట్లు దిగిపోయేవి. ఎన్ని వేసవులో!

ఇక వింకా సంగతి.

వింకా మా ఊరి నర్సు. ఇల్లిల్లూ తిరిగి సూదులేస్తుంది, కట్లు మారుస్తుంది, చనిపోయినవాళ్లకి చివరి స్నానమూ చేయిస్తుంది. ఆమెది కూడా చలికాలపు అద్దె, అదే ఇంట్లో. వేసవుల్లో ఆస్పత్రి సామాన్ల గదిలో దూదిపెట్టెల మధ్య పడుకునేది. ఈ ఏడు ఆ గది కూడా ఇవ్వలేమన్నారు. ఇక మిగిలింది ఓడెక్కి అవతలి ఒడ్డుకి పోయి వేరే ఉద్యోగం చూసుకోవడమే.

నాకు బీపీ చూస్తూ చెప్పింది ఒకరోజు— "ఒకసారి ఓడెక్కితే మళ్లీ రాను టీచర్ గారూ. ఏడాదికోసారి పీకి మళ్లీ నాటడానికి నేనేమైనా టమాటో నారా?"

మే చివరికి వచ్చేసింది. వింకా రజాయి మాత్రం దండెం మీదికి రాలేదు.

ఎదురింటి పెరీనా కిటికీలోంచి అరిచింది. "ఏమ్మా వింకా, రజాయి ఎండెయ్యలేదే?"

"చలేస్తోంది పిన్నీ."

"మే నెలలో చలేమిటే?"

"యాక్షా బాబాయ్ మొహం తలుచుకుంటే వణుకొస్తోంది!"

సందంతా ఘొల్లుమంది. ఆఖరి రోజు సాయంత్రం యాక్షా తెల్లదుప్పట్ల మూట పట్టుకుని వచ్చాడు. లోపల గొళ్లెం వేసి ఉంది. వింకా కిటికీ దగ్గర నిలబడింది.

"వింకా తల్లీ, పొద్దున్న ఓడకి అతిథులు దిగుతున్నారు."

"దిగనివ్వండి. సముద్రం పెద్దదేగా."

"మాటంటే మాటే కదమ్మా?"

"మాట మీరన్నారు బాబాయ్. నేను విన్నానంతే. నేనివ్వలేదు."

"ఇప్పుడు పేచీ ఎందుకు? సీజన్ అయ్యాక తీరిగ్గా—"

కిటికీ ధడాలున మూసుకుంది. యాక్షా మూసిన చెక్కల దగ్గరికి వంగి నవ్వాడు.

"ఉండు తల్లీ, ఉండు. ఇవాళ్టి నుంచి వేసవి లెక్క. నిన్ను ఖాళీ చేయించడానికి నేనెందుకూ... రాత్రికి ఆయనే వస్తాడు."

ఇక్కణ్నుంచి వింకా నాకు చెప్పినదే చెబుతున్నాను. నా కళ్లతో చూసింది కాదు.

ఆమె దీపం ఆర్పకుండా వంటింట్లో కూర్చుంది. భయం లేదనే అనుకుంది. ఎన్ని శవాలకి కళ్లు మూసిన చెయ్యి అది! సందులో పిల్లి కదిలినా తెలిసేంత నిశ్శబ్దం. రేవులో పడవల తాళ్లు కిర్రుమంటున్నాయి. తర్వాత అదీ ఆగింది.

మెట్ల మీద అడుగులు...

తొందర లేదు. రెండు మెట్లెక్కి ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ ఎక్కడం. జ్వరపడ్డ మనిషి నడక. నర్సుకి ఆ నడక తెలుసు. గుమ్మం దగ్గర ఏదో బరువు దింపిన చప్పుడు — పెట్టె.

టక్... టక్.

వింకా లేచింది. బల్ల పట్టుకుని నిలబడింది.

"సీజన్..." గొంతు పొడిగా ఉంది, దగ్గు తెర అడ్డొచ్చింది. "...అయిపోయిందా?"

జవాబు ఆమెకి తెలుసు. ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు. ఆ రెండు ముక్కలూ అనేస్తే ఆయన పోతాడు, ఆమె తెల్లారేదాకా ప్రాణాలతో ఉంటుంది.

"నోటిదాకా వచ్చేసింది టీచర్ గారూ. పెదవులు కదిపాను కూడా. కానీ ఆ మాట నా నోట్లో... నా గొంతులా లేదు. అచ్చంగా యాక్షా గొంతు. అప్పుడు పట్టింది నాకు కోపం. నన్ను గెంటినవాడి మాట అరువు తెచ్చుకుని, గెంటించుకున్న ఇంకో మనిషిని నేను గెంటాలా?"

వెళ్లింది. గొళ్లెం తీసింది. తలుపు బార్లా తెరిచింది.

"అయిపోయింది మాస్టారూ," అంది. "లోపలికి రండి."

బయట చీకట్లో కోటు వేసుకున్న మనిషి. కోటు చేతి అంచున సుద్దపొడి. ముఖం సరిగ్గా కనిపించలేదట, లేదా చూడలేదేమో. ఆయన కదల్లేదు. ఆ జవాబు విని ఏం చెయ్యాలో తెలీనట్టు అలాగే నిలబడ్డారు. ఎంతసేపో తర్వాత గుమ్మంలోని కాళ్లపట్టా మీద బూట్లు తుడుచుకున్నారు... శ్రద్ధగా, ఒకటి తర్వాత ఒకటి. పెట్టె ఎత్తుకుని ఆమె పక్కనుంచి లోపలికి వెళ్లారు. సముద్రపు నాచు వాసన, దానితో పాటు చల్లగాలి. చెక్కమెట్లు ఒక్కొక్కటే మూలిగాయి. మేడగదిలో మంచం కిర్రుమంది.

ఆ తర్వాత... ఏమీ లేదు. పడుకున్న మనిషి వదిలే నిట్టూర్పు ఒకటి, అంతే.

తెల్లవారాక వింకా పైకి వెళ్లి చూసింది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా ఉంది. ఎవరూ లేరు. నిద్రలేమి అనుకుంది. పెరీనాకి పొద్దుటి ఇన్సులిన్ సూది వెయ్యాలి కదా, తలుపు బయట తాళం వేసి ఎదురింటికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి గుమ్మం ముందు యాక్షా. అతని వెనక చక్రాల పెట్టెలతో భార్యాభర్తలు, ఎండకి ఎర్రబడిన ముఖాలు. యాక్షా తన దగ్గరున్న రెండో తాళంచెవి తిప్పుతున్నాడు. తాళం తిరుగుతోంది, తలుపు కదలడం లేదు. భుజంతో నెట్టాడు. లోపల గొళ్లెం బిగించి ఉంది.

"వింకా! అతిథుల ముందు నా పరువు తీస్తావా? తియ్యి! తాళాలవాణ్ని పిలవమంటావా? చుట్టుపక్కల ద్వీపాల్లో నీకు గది కాదు, కోళ్లగూడు కూడా దొరక్కుండా చేస్తాను!"

"ఎవర్ని తిడుతున్నారు బాబాయ్?"

యాక్షా వెనక్కి తిరిగాడు. మెట్ల మీద వింకా, చేతిలో మందులసంచీ.

అతను ఆమెని చూశాడు. తలుపుని చూశాడు. ఆ గొళ్లెం లోపలి నుంచి తప్ప పడదు. దాన్ని ఆ తలుపుకి అమర్చిన చెయ్యి అతనిదే, అతనికి తెలీదా?

"నువ్వు... మరి లోపల...?"

వింకాకీ ఒళ్లు జలదరించింది. కానీ అడుగు వెనక్కి వెయ్యలేదు.

ఆ వచ్చిన ఆడమనిషి, పాపం, ఏ కథా తెలియని మనిషి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మేడ వైపు చూసింది. ఆమె నవ్వుతూనే అడిగింది.

"పైన కిటికీలో ఉన్నాయన ఎవరండీ? మమ్మల్ని చూసి వేలు అటూ ఇటూ ఊపుతున్నాడు, బళ్లో మాస్టారులాగా... గది లేదంటున్నాడా?"

యాక్షా తల ఎత్తలేదు. దుప్పట్ల మూట జారి మెట్ల మీంచి దొర్లుకుంటూ పోయింది.

వింకా కూడా పైకి చూడలేదు.

"అవునండీ," అంది ఆవిడతో. "ఎక్కువ రోజులకి దిగిన అతిథి."

లోపల గొళ్లెం జరిగిన చప్పుడైంది. వింకా గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. ఆమె చెయ్యి వెయ్యకుండానే, ఆమె వెనక తలుపు మెల్లగా మూసుకుంది.