ఆకుపచ్చ గొడుగు

మిట్టమధ్యాహ్నమే చీకట్లు కమ్మాయి... ఆకాశం ఫెళఫెళా గర్జించింది! పట్టపగలు కూయకూడని గుడ్లగూబ కిటికీ అంచున వాలి భయంకరంగా కూసింది. మేడమీది గదిలో టర్పెంటైన్ వాసనతో కాలిన ఎముకల వాసన కలిసి గుప్పుమంటోంది.

గది మధ్యలో నిలువెత్తు కాన్వాసు. దాని ముందు జుట్టు విరబోసుకున్న చిత్రకారిణి. కుంచె ఆమె చేతిలోనే ఉంది... కానీ ఆ చెయ్యి ఆమె వశంలో లేదు! వెనక నిలబడ్డ మాంత్రికుడి పెదవులు కదిలినప్పుడల్లా అది కదులుతోంది. రంగు గిన్నె స్థానంలో ఒక కపాలం. అందులోని నల్లరంగులో అతను తన వేలు కోసి నెత్తురు కలిపాడు.

"నా నెత్తురుతో గీసిన ప్రాణం నా ఊపిరితో ముడిపడుతుంది. నా మాటే వింటుంది!"

ఆమె కాదనలేదు. పోయిన వానాకాలంలో జ్వరానికి బలైన కూతురు, ఎనిమిదేళ్ళ చిట్టి, బొమ్మలోకి తిరిగొస్తుందంటే ఏ తల్లి కాదంటుంది? పాపం, ఆమెకింకేం మిగిలింది గనక!

ఆ ఇంట్లో నాలుగు తరాలుగా ఆడవాళ్ళు బొమ్మలు వేస్తున్నారు. ఎంత గొప్ప చిత్రమైనా ఓ మూల బొటనవేలంత మేర రంగు అంటకుండా వదిలేయడం వాళ్ళ పట్టింపు. బొమ్మలోకి వచ్చిన ప్రాణం తిరిగి వెళ్ళడానికి అది దారి. ఆ ఖాళీ పక్కనే ఈమె ఏడాదిగా ప్రతి బొమ్మలోనూ ఒక చిన్న ఆకుపచ్చ గొడుగు వేస్తోంది. అది చిట్టి గొడుగు. జ్వరం తగిలిన రోజు, బడికెళ్ళే పిల్ల చేతికి దాన్ని ఇవ్వడం మరిచిపోయింది తల్లి.

"ఖాళీ వదిలావా?" గడియ వేసిన తలుపు అవతల నుంచి ఆమె ముసలి తల్లి గొంతు చించుకుని అరిచింది. "వదలవే, నీకు దణ్ణం పెడతాను!"

"వదిలితే వెళ్ళిపోతుందమ్మా!"

"మూసెయ్!" మాంత్రికుడు హుంకరించాడు.

మిగిలిన ఖాళీ మీద ఆమె ఆకుపచ్చ గొడుగు వేసేసింది. అయ్యో, ఆ ఒక్క పని మాత్రం ఏ మంత్రమూ చేయించలేదు... ఆమె ఆశే చేయించింది!

బొమ్మ కళ్ళు తెరిచింది!

"అమ్మా!"

ఎన్నాళ్ళకు విన్న పిలుపది! ఆమె కాన్వాసును కావలించుకోబోయింది. అంతలోనే లోపలి నుంచి చిన్న చేతులు బట్టను టపటపా బాదాయి.

"అమ్మా... ఊపిరాడట్లేదు!"

"పిల్ల ఏడుస్తోంది, వదిలెయ్యండి!"

మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు. "ఏడవనీ! ఇక అది నీ కూతురు కాదు. నేను చూపించిన వాళ్ళ పీక నులిమే నా బానిస!"

"రంగు గీకే చాకు తియ్యి!" తలుపు అవతల ముసలామె. "ఆ చేతికి కుంచె పట్టడం నేర్పింది నేను. నాకు మా అమ్మ నేర్పింది. మధ్యలో వాడెవడు?"

ఆమె వేళ్ళు చాకు వైపు పాకాయి... ఏనాడో పోయిన అమ్మమ్మల వేళ్ళు ఒక్కొక్కటే వచ్చి వాటిమీద బిగుసుకున్నాయి! మంత్రం మణికట్టు దాటలేకపోయింది. చాకు లేచింది. లేచి, గొడుగు దగ్గర ఆగిపోయింది. గీకితే చిట్టి రెండోసారి పోతుంది.

"అమ్మా, ఇక్కడ వాన పడుతోంది. గొడుగు తీసుకెళ్ళనా?"

"తీసుకెళ్ళు తల్లీ... తీసుకెళ్ళు!"

గీకేసింది. వట్టి బట్ట బయటపడింది. పెనుగాలి ఒకటి ఆ బొటనవేలంత దారిలోంచి హోరున దూసుకుపోయింది. చిట్టితో ముడిపడ్డ మాంత్రికుడి ఊపిరిని కూడా లాక్కుపోయింది! అతను గొంతు పట్టుకుని గావుకేక పెట్టి కుప్పకూలాడు. కపాలం రెండు చెక్కలైంది. తలుపు గడియ ఊడిపడింది.

ముసలామె లోపలికొచ్చి, చాకుకు అంటిన ఆకుపచ్చ రంగును చూసి ఏడుస్తున్న కూతుర్ని ఒళ్ళోకి తీసుకుంది. బయట వాన మొదలైంది.

"ఏడవకే. తడవదులే," అంది. "ఈసారి గొడుగిచ్చి పంపావుగా."