ఆ పేరు ఆమె నోట

"మేడం, ఒక్కసారి ఆ పేరు నా ముందల పలకండి. ఒక్కసారే."

లిఖిత మైకు వైరు సర్దుతున్నట్టు నటించింది. "సభలో పలుకుతానుగా."

"గట్ల అంటే ఎట్ల మేడం? ఆయన సంగతి మీకు తెల్వదా?" అన్నాడు లైబ్రేరియన్.

తెలియకేం, భద్రాచలమంతటికీ తెలుసు. నవలాకారుడు ఋతధ్వజ పుస్తకాలంటే జనానికి ఎంత పిచ్చో, తన పేరంటే ఆయనకు అంత పిచ్చి. మొదటి అక్షరం 'ఋ' బదులు 'రు' రాస్తే బ్యానరు దింపించేస్తాడు. 'ధ' ఒత్తి పలక్కపోతే సభలోంచి లేచి వెళ్లిపోతాడు. కిందటేడు ఒక ఊళ్లో యాంకరు నోరు జారి 'రుతద్వజ' అన్నందుకు, శాలువా కూడా కప్పించుకోకుండా కారెక్కాడు.

అలాంటి మనిషిని గోదావరి దాటించి తమ లైబ్రరీ వార్షికోత్సవానికి ఒప్పించేసరికి మన లైబ్రేరియన్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. విచిత్రం ఏమిటంటే అతని పేరు కూడా ఋతధ్వజే. ఇల్లందు బొగ్గుబావిలో పనిచేసే వాళ్ల నాన్న బొజ్జయ్య, డ్యూటీ దిగగానే ఆ నవలలే చదివేవాడు. కొడుకు పుట్టగానే ఇంకో పేరు ఆలోచించలేదు. పాపం, ఆ కొడుకు బడిలో రుద్రజ, కాలేజీలో రుతుజ, బ్యాంకు పాస్‌బుక్కులో ఏకంగా రాజా అయి కూర్చున్నాడు.

ఆ పేరును మొదటిసారే తప్పు లేకుండా పలికింది లిఖిత. నిరుడు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేరి, కార్డు కోసం లైబ్రరీకి వచ్చి, బల్ల మీది పేరు గడగడా చదివేసింది. మన వాడు అక్కడికక్కడే పడిపోయాడు. ఆ తర్వాత ఆమెకు అదో ఆట. "ఋతధ్వజ గారూ, వాన వచ్చేలా ఉంది. ఋతధ్వజ గారూ, మీ గొడుగుకి చిల్లు పడింది." ఆ పిలుపు వినడానికే అతను చిల్లు గొడుగు మార్చలేదు.

పోయిన వారం కరకట్ట మీద, జల్లులో, పెళ్లి చేసుకుంటారా అని అడిగేశాడు. సభ అయ్యాక చెప్తానంది. ఆ రోజు నుంచి అతని పేరు ఆమె నోట రాలేదు. "ఇదిగో" అంటుంది, "మిమ్మల్నే" అంటుంది, లేకపోతే ఊరికే దగ్గుతుంది. పేరు పలకడానికే మనసు రానిది తనను చేసుకుంటుందా అని అతనికి అన్నం సయించడం లేదు.

"నా మీద కోపముంటే నన్ను తిట్టండి. సభ మీద చూపకండి" అన్నాడు చివరికి.

ఆమె ఏదో అనబోయి, పెదవి కొరుక్కుని స్టేజీ ఎక్కేసింది.

హాలు నిండిపోయింది. బయట వాన. ముందు వరసలో రచయిత, ఆ పక్కనే సత్తుపల్లి నుంచి పొద్దున్నే బస్సు దిగిన లిఖిత తల్లి నిర్మలాదేవి. లిఖిత మొదలుపెట్టింది. మన్యం గుండె చప్పుడు అంది, కథల గని అంది, అక్షర శిఖరం అంది. బిరుదులన్నీ అయిపోయాయి. అసలు పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

జనం ఎదురుచూశారు. ఎవరో దగ్గారు. రచయిత కండువా భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. సభ పోతే పోయింది, తనకు రావలసిన జవాబు కూడా ఇదేననుకున్నాడు లైబ్రేరియన్.

"ఏమ్మా, నా పేరు తెలియదా?" అన్నాడు రచయిత.

"తెలుసండీ." లిఖిత వెనక్కి తిరిగి, బోర్డు మీద సుద్దముక్కతో గుండ్రంగా రాసింది. ఋతధ్వజ. ఒక్క తప్పు లేదు.

"మరి పలకవేం?"

ఆమె తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ పేరు నేను ఎత్తకూడదండీ. ఇక మీదట."

ఆడవాళ్ల వరసల్లో ముందు గుసగుస, ఆ వెనకే నవ్వులు. భర్త పేరు ఎత్తని ఇల్లాళ్లే వాళ్లంతా, వాళ్లకు వెంటనే అర్థమైంది. అర్థం కానిది మన లైబ్రేరియన్‌కే. అర్థమయ్యాక గోడ పట్టుకున్నాడు.

రచయిత హాలంతా కలయజూశాడు. "ఈ ఊళ్లో నాకు పోటీ ఎవడయ్యా?" అని, గోడ దగ్గర అందరి కళ్లూ పడ్డవాణ్ణి చూసి పకపకా నవ్వాడు. "ఆ అమ్మాయి పిలవదు. నువ్వు పిలువు, వచ్చి కూర్చుంటాను."

అతను స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాడు. లిఖిత కొంగు చేతికి తగిలింది. ఊళ్లో అందరికీ ఆ పేరు దిద్దినవాడు, నోరు తెరిచి, "రుత... రుద్ద..." అన్నాడు.

హాలు గొల్లుమంది. అంతలో నిర్మలాదేవి లేచింది. నవ్వులు ఆగిపోయాయి. ఆమె అతన్ని తల నుంచి కాలి దాకా చూసింది.

"ఏడాదిగా ఫోనులో మాట మాటకీ ఆ పేరే చెప్పేది మా పిల్ల" అంది నిర్మలాదేవి. "వారం నుంచి ఒక్కసారీ అనలేదు. అనుమానమొచ్చే బస్సెక్కాను."

ఆమె పైట సర్దుకుంది.

"పెద్దాయన నిలబడే ఉన్నారు. ఆ 'ధ' కాస్త ఒత్తి పలకండి, అల్లుడుగారూ."