పరుగెత్తే డ్రమ్ము

“ఈ డ్రమ్మర్‌కి తాళం రాదు. మార్చి ఇంకోటివ్వండి.” ఎల్లిస్ టోల్బర్ట్ రికార్డుని కౌంటర్ మీద పెట్టాడు.

కౌంటర్ వెనకున్న అమ్మాయి అట్టకవరు తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న ఒక పేరు మీద వేలు పెట్టింది.

“హార్లన్ బేట్స్. ఇతనేనా?”

“అతనే. తాగి వాయించినట్టున్నాడు.”

“మా నాన్న తాగడు.”

షికాగో సౌత్ సైడ్‌లో అంతమంది డ్రమ్మర్లుండగా ఎల్లిస్ ఏరికోరి ఈయన్నే తిట్టాడు. క్షమాపణ చెప్పే తెలివి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అతనికి ఆ తెలివి లేదు.

“నా రెండు టర్న్‌టేబుళ్ళ మీద రికార్డులు ఎప్పుడు కలిపినా గుద్దుకుంటున్నాయి మరి.”

“అయితే తప్పు రికార్డులది. నీ చెవులది కాదు. అంతేనా?”

వెనక రికార్డులు ఏరుకుంటున్న ముసలాయన పకపకా నవ్వాడు. ఎల్లిస్ చెవులు ఎర్రబడ్డాయి. వాటికి ఆమాత్రం పని ఉందని అప్పుడే తెలిసింది.

“వినడం నేర్పిస్తావా?” అన్నాడు.

ఆమె ఎగాదిగా చూసింది. చొక్కా నిండా పిండి. తెల్లవారుజామున బేకరీలో పనికి దిగితే మధ్యాహ్నానికి బయటపడతాడు.

“శనివారం మూడింటికి మా షెడ్డుకి రా. స్నానం చేసి రా.”

ఆమె పేరు కార్లిస్. ఆ చుట్టుపక్కల వీధి పార్టీ ఏదైనా రికార్డులు వేసేది ఆమే.

షెడ్డులో రెండు టర్న్‌టేబుళ్ళు, రెండు స్పీకర్లు, ఒక ఇయర్‌ఫోను. ఒక పాట బయటికి మోగుతుంది. రెండోది ఒక చెవిలోనే వినిపిస్తుంది. ఆ రెండు డ్రమ్ములూ ఒకే దెబ్బగా పడేలా చెయ్యాలి. పని ఇంతే. ఇంత చిన్న పనికి మనుషులు ఏళ్ళు తగలేస్తారు.

“ఏం వినిపిస్తోంది?”

“గుర్రం పరుగెడుతున్నట్టుంది. టకటక, టకటక.”

“రెండు డ్రమ్ములూ విడివిడిగా పడితే అంతే. చెవిలోది ముందుందా, వెనకుందా?”

“తెలీదు.”

“తెలీకపోతే నెమ్మది చెయ్యి. తప్పయితే గుర్రం ఇంకా గోల చేస్తుంది. అప్పుడు తెలుస్తుంది.”

అతను రికార్డు అంచు మీద వేలు ఆనించాడు. గుర్రం రెచ్చిపోయింది.

“చూశావా? వెనకుంది. మధ్యలో పట్టుకుని ముందుకి తొయ్యి. అలా కాదయ్యా, రొట్టె పిండి పిసుకుతున్నావా ఏంటి!”

ఆరు శనివారాలు తిట్లు తిన్నాడు. ఏడో శనివారం బయట హోరున వాన. ఎల్లిస్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. టకటక దగ్గరపడింది. ఇంకా దగ్గరపడింది. ఉన్నట్టుండి గుర్రం మాయమైంది. రెండు పాటలకి కలిపి ఒకటే గుండె కొట్టుకుంటోంది.

“కార్లిస్! కలిసింది! విను, విను!”

ఇయర్‌ఫోను ఆమె చెవికి పెట్టబోయి ఆమెనే కావలించుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. రెండు పాటలూ కలిసే సాగుతున్నాయి.

సరిగ్గా అప్పుడే షట్టర్ లేచింది. తడిసిన పోస్ట్‌మాన్ యూనిఫాంలో హార్లన్ బేట్స్ నిలబడి ఉన్నాడు.

“నా డ్రమ్ముకి తాళం లేదన్న మగాడివి నువ్వేనా?”

“సార్... అది... నేనే సార్.”

“వచ్చే శనివారం మా వీధి పార్టీ. నా పాట వేసి, దానిమీద ఇంకోటి కలుపు. జనం ఆడుతూనే ఉంటే ఇలా షెడ్డుకి కాదు, ముందు గుమ్మంలోంచి మా ఇంటికే రా. ఆట ఆగిందా, ఈ షట్టర్ నీకు మళ్ళీ లేవదు.”

“డాడీ, ఆ పాట నాకే కలవదు!”

“అందుకే.”

ఆ పాట సగం దాకా బుద్ధిగా నడుస్తుంది. మధ్యలో అన్ని వాయిద్యాలూ ఆగి డ్రమ్ము ఒక్కటే మోగుతుంది. అక్కణ్ణించి పరుగు లంకించుకుంటుంది. వారమంతా ఎల్లిస్ దాన్ని వెనక్కి లాగబోయాడు. వారమంతా గుర్రమే మిగిలింది. ఎక్కడ ఎంత లాగాలో కాగితం మీద రాసుకున్నాడు కూడా. కార్లిస్ ఆ కాగితం చింపేసింది.

“చదివి వాయించేదైతే మా నాన్న ఉత్తరాలతో పాటు నీకు పోస్టులో పంపేవాడు.”

శనివారం రానే వచ్చింది. వీధికి రెండు చివరలా అడ్డకర్రలు పెట్టారు. పక్కటెముకల మాంసం కాలుతున్న పొగ, మడతకుర్చీల్లో పెద్దమ్మలు, మిట్టమధ్యాహ్నపు ఎండలో రెండు వందల మంది ఆట. హార్లన్ తన మెట్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఎల్లిస్ పాట వేశాడు. వీధి కేక పెట్టింది. ఈ పాట వాళ్ళది.

డ్రమ్ము ఒంటరైంది. చెవిలో రెండో పాట సిద్ధంగా ఉంది. పరుగు మొదలైంది. ఎల్లిస్ కంగారుగా వేలు ఆనించాడు. ఆనించింది బయటికి మోగుతున్న రికార్డు మీద.

పాట మూలిగింది. రెండు వందల జతల కాళ్ళు తడబడ్డాయి.

“ఎవడ్రా ఆ వెధవ!” తెల్ల చెప్పుల పెద్దమ్మ అరిచింది.

వేలు కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. విడిచిన మరుక్షణం డ్రమ్ము ఎగిరి దూకింది. జనమూ దానితో ఎగిరారు. ఎల్లిస్‌కి అప్పుడు వెలిగింది. దీన్ని పట్టుకోకూడదు! దీని వెంట రెండోదే పరుగెత్తాలి!

చెవిలోని రికార్డు మధ్యలో వేలుపెట్టి తోశాడు. ఇంకా తోశాడు. గుర్రం దగ్గరపడింది, మాయమైంది. రెండో పాటని బయటికి వదిలాడు. తోస్తూనే ఉన్నాడు. హార్లన్ డ్రమ్ము ఎటు పోతే అటు. కొత్త పాట పాతదాని భుజమెక్కి వీధిలోకి ఉరికింది.

పెద్దమ్మ తెల్ల చెప్పులు విసిరేసి ఆడింది.

హార్లన్ లేచి వచ్చాడు.

“తడబడింది.”

“నా తప్పే సార్. మీ పాటని పట్టుకున్నాను. పట్టుకోవలసింది కాదు.”

“తడబడింది. ఆగలేదు.” ఆయన గొంతు తగ్గించాడు. “అక్కడ ఎందుకు పరుగెత్తానో తెలుసా? స్టూడియో అద్దానికి అవతల వెర్డెల్ వచ్చి నిలబడింది. అదే మొదటిసారి చూడ్డం.”

“ఇరవై రెండేళ్ళుగా అదే కోత,” కార్లిస్ తల్లి వెర్డెల్ బంగాళదుంపల గిన్నెతో వెనక నించి వచ్చింది. “నన్ను చూసి కాదబ్బాయ్. ఆయనకి బాత్రూంకి వెళ్ళాలి. ఆపడానికి లేదు, టేపు తిరుగుతోంది.”

“వెర్డెల్!”

“ఊరుకో. బ్రెడ్డబ్బాయ్, పని కాగానే ముందు గుమ్మంలోంచి రా. చేతులు కడుక్కో.”

ఇద్దరూ కీచులాడుకుంటూ మెట్ల వైపు వెళ్ళిపోయారు. కార్లిస్ పక్కకొచ్చి తర్వాతి రికార్డు పెట్టింది. ఆమె ఇయర్‌ఫోను ఒక చెవికే ఉంది.

“కార్లిస్, నీకో మాట చెప్పాలి.”

“ఈ పాట అందుకోడానికి ముప్పైరెండు దెబ్బలే ఉన్నాయి. తొందరగా చెప్పు.”

“నువ్వంటే నాకు ప్రాణం. పాట కోసం రావట్లేదు. నీకోసమే వస్తున్నాను. పాట కోసం కూడా. కానీ ముందు నీకోసం.”

ఆమె పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.

“పద్నాలుగు అయ్యాయి. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి,” అంది. అతని కాలర్ పట్టుకుని దగ్గరికి లాక్కుని, పదిహేడింటి దాకా ముద్దుపెట్టుకుంది. పద్దెనిమిదో దెబ్బ మీద పాట వదిలింది.