వెనకింట్లో జాక్

ఐర్లాండులో నేవన్ అనే ఊరు దాటి పదకొండు మైళ్ళు పోతే ఒక రాతి ఇల్లుంది. దానికి నంబరు లేదు, పేరు లేదు. ఉన్నదల్లా చెడ్డపేరు.

రాత్రిపూట దాని కిటికీలో ఒక దీపం ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తదంట. ఇనప గొలుసులు ఈడ్చిన చప్పుడొస్తదంట. ఎవరూ లేని ఇల్లు — అయినా పొగగొట్టంలోంచి సన్నగా పొగ... ఐర్లాండు చలికి దెయ్యమైనా పొయ్యి రాజేసుకోక చస్తదా అని మనోళ్ళలో ఒక్కడంటే ఒక్కడికి తట్టలా.

ఆ ఇంటి పక్క పొలం ఫింటన్ అనే ముసలాయనది. నలభై ఆవుల ఆసామి. ఆ ఇంటి సంగతి ఎవరడిగినా ఒకటే ముక్క — "అక్కడ ఎవరూ లేరు." చెప్పి పళ్ళు కొరికేవాడు. ఎవరూ లేని ఇంటి మీద అంత కోపమేంటో!

మన తెలుగోళ్ళు ఊరుకుంటారా? నేవన్ వాట్సాప్ గ్రూపులో వారం తిరక్కుండా ఆ దెయ్యానికి తెల్లచీర కట్టారు, పాదాలు వెనక్కి తిప్పారు. లాక్‌డౌన్‌లో మనుషులెవరికీ పని లేదు గానీ, దెయ్యానికి మాత్రం చేతినిండా పని.

అలాంటి చోటికి రాత్రి కాపలాకి పోయాడు మన శౌరి.

శౌరిది గుంటూరు పక్క ఫిరంగిపురం. కాపురం నేవన్‌లో. స్వోర్డ్స్ అనే ఊరి దగ్గర ఎయిర్‌పోర్టులో విమానాల్లోకి భోజనం ట్రేలు ఎక్కించేవాడు. కరోనా వచ్చి విమానాలే ఎగరకపోతే ట్రేలెవడిక్కావాలి? పని ఊడింది. అది రెండువేల ఇరవై ఒకటో సంవత్సరం, ఫిబ్రవరి నెల. సరిగ్గా అప్పుడే ఫింటన్ ఆవులు ఈనే కాలం. రాత్రిళ్ళు మేలుకునే మనిషి కావాలని, ఎవరి ద్వారానో నంబరు పట్టి శౌరికి ఫోన్ చేశాడు.

"పశువుల పని తెలుసా?"

"తెలుసా అంటారేంటి బాస్! రెండొందల గేదెల్ని నా చేతుల మీదుగా ఈనించా."

వాడికి గేదెతో ఉన్న బంధుత్వమల్లా టీలో పాలు. నేనూ అబద్ధాలు చెప్తాను, కాదన్ను. కానీ ఇరవైతో ఆపుతా. రెండొందలంటే దానికి గుండె కావాలి.

మొదటి రెండు వారాలు గండం గడిచింది. ఐర్లాండు ఆవులు మర్యాదస్తులు, వాటంతటవే ఈనేవి. శౌరి పక్కన నిలబడి, ఇక్కడోళ్ళు బాగుందనడానికి అన్నట్టు, "గ్రాండ్, గ్రాండ్" అనేవాడు. పొద్దున్నే ఫింటన్ వచ్చి భుజం తట్టేవాడు. "నీ చేతిలో ఏదో మహిమ ఉంది షెర్రీ." శౌరి అనే పేరు ఆయన నోట్లో పడి సారా పేరయ్యింది.

మూడో వారం ఫింటన్‌కే కరోనా తగిలింది. పెళ్ళాం పోయి ఐదేళ్ళు, పిల్లల్లేరు. మేడ మీద గదిలో ఒక్కడే దగ్గుకుంటా పడుకున్నాడు. మాట్లాడితే ఫోన్లోనే.

మంచాన పడే ముందు కొట్టంలోకొచ్చి, దూరంగా నిలబడి ఒక ఆవుని చూపించాడంట. తొలిచూలుది. చెవికి నాలుగొందల పదిహేడు అని బిళ్ళ ఉంది గానీ, శౌరి దానికి లూర్దమ్మ అని పేరెట్టుకున్నాడు.

"మా ఆవిడ పెంచిన ఆవు వంశంలో ఇదొక్కటే మిగిలింది. ఇది పోతే నేనింక ఆవుల్ని ఉంచను షెర్రీ. నువ్వున్నావని ధైర్యం" అన్నాడు.

శౌరికి అప్పుడు గుర్తొచ్చిందంట మొదటిసారి, ఆ రెండొందల అబద్ధం.

ఆ రాత్రి ఇంట్లోంచి బయల్దేరుతుంటే పెళ్ళాం ప్రిస్కిల్లా గుమ్మానికడ్డంగా నిలబడింది. ఆవిడ నర్సింగ్ హోమ్‌లో ముసలోళ్ళని చూసుకునే కేరర్.

"ఏమయ్యో, ఆ ముసలాయన దగ్గుని ఇంటికి మోసుకొస్తే నేను చూసే ముసలోళ్ళందరికీ అంటిస్తాను. ఇది తొడుక్కో."

నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటు. మూతికి మాస్కు. ముఖానికి ప్లాస్టిక్ అద్దం.

"ఎట్టున్నానే?"

"శవపేటికలోంచి లేచొచ్చినట్టున్నావ్. పో."

దార్లో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపారు. కరోనా రూలు, ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు గదా. "ఎక్కడికి?" అన్నారు. "కాన్పుకి సర్... లూర్దమ్మకి మొదటి కాన్పు" అన్నాడు శౌరి. పాపం, గార్డు టోపీ తీసి, "అంతా మంచే జరుగుద్దిలే నాన్నా" అని పంపించాడు.

తూర్పు గాలి. సూదుల్లాంటి మంచువాన. కొట్టం రేకులు దడదడలాడతన్నాయి.

లూర్దమ్మ నొప్పులు పడతా ఉంది. దూడ ముంగాళ్ళు రెండూ బయటికొచ్చాయి... ముక్కు కనపడింది... నాలిక వేలాడింది —

అంతే. అక్కడే ఆగిపోయింది.

గంటయ్యింది. శౌరి కాళ్ళు పట్టుకుని లాగాడు. జారిపోయి వెల్లకిలా పేడలో పడ్డాడు. మళ్ళీ లాగాడు, మళ్ళీ పడ్డాడు. దూడ నాలిక నల్లబడతా ఉంది. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, "రోడ్డు గాజులాగుంది, గంటన్నర పడుద్ది" అన్నాడు. గంటన్నరకి దూడా ఉండదు, తల్లీ ఉండదు.

ఫింటన్‌కి చేశాడు.

"బాస్... దూడ ఇరుక్కుంది."

అవతల ఒకటే దగ్గు. ఆ దగ్గు మధ్యలో రెండే ముక్కలు వినపడ్డాయి. "జాక్... జాక్... బ్యాక్ హౌస్..." ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే తియ్యలా.

శౌరి ఆలోచించాడు. జాక్ అంటే ఎవరో పనిమనిషి. బ్యాక్ హౌస్ అంటే వెనకిల్లు. వెనక ఉన్న ఇల్లు...

ఒక్కటే.

ఎవరూ లేరన్నాయనే, జాక్ ఉన్నాడంటున్నాడు!

నేనైతే ఒక్క దూకుడుకి పోయేవాణ్ణి, అది వేరే సంగతి. శౌరి మాత్రం కొట్టం గుమ్మంలో జపమాల పట్టుకుని ముందుకో అడుగు, వెనక్కో అడుగు. వెనకాల లూర్దమ్మ ఒక్క అరుపు అరిచింది... ఆ అరుపు పిర్ర మీద తన్నినట్టయి పరిగెత్తాడు.

దిగువ గేటు దాటాడు. గడ్డి మీద మంచు కరకరలాడింది. ఫోన్ లైటు రెండడుగుల కంటే పోవట్లా. ఎదురుగా నల్లగా ఇల్లు... కిటికీలో దీపం.

దీపం కదిలింది.

"జాక్..." అన్నాడు.

దీపం ఆగింది.

"జాక్! జాక్! ఆవు! జాక్!"

లోపల గొలుసుల చప్పుడు. గలగలా... ఈడ్చుకుంటా... దగ్గరికొస్తా...

తలుపు తెరుచుకుంది.

మనిషంటే మనిషి కాదు. ఎముకల గూడు. మోకాళ్ళ దాకా పాత కోటు. చేతిలో నిలువెత్తు ఇనప బడితె — దానికి గొలుసులు వేలాడతన్నాయి. ఎడం చేతికి రెండు వేళ్ళు లేవు. ఆ బడితె ఎత్తి శౌరి గుండెకి గురిపెట్టి, గుసగుసగా...

"అక్కడే ఆగు. రెండు మీటర్లు."

శౌరి ఆగాడు. కాళ్ళు కూడా వాడితో సలహా లేకుండా ఆగిపోయాయి. ఇన్నేళ్ళ దెయ్యాల చరిత్రలో రెండు మీటర్ల దూరం పాటించిన దెయ్యం ఇదొక్కటే. చచ్చిపోయినోడికి కరోనా భయమేందో అడుగుదామనుకున్నాడంట. చెయ్యి మాత్రం కొట్టం వైపు చూపించింది.

అది ముందు నడిచింది. వీడు వెనక. మధ్యలో గొలుసులు గలగల... గలగల...

కొట్టంలోకొచ్చి లూర్దమ్మని చూసింది. ఒంగి, దూడ నాలిక చిటికెన వేలితో నొక్కింది. నాలిక కదిలింది.

"బతికే ఉంది" అంది. తర్వాత శౌరిని కిందా మీదా చూసి, "నువ్వెన్ని ఈనించావు?"

"రెం... రెండొందలు."

అది ఇంకాసేపు చూసింది.

"అయితే తోక పట్టుకో."

గొలుసులు దూడ కాళ్ళకి చుట్టింది. బడితె ఒక కొసన వంకీ ఉంది. దాన్ని ఆవు వెనక భాగానికి ఆనించింది. పిడి ఆడిస్తే టిక్కు... టిక్కు... అని గొలుసు బిగుస్తా ఉంది. ఆవు ముక్కితే ఒక టిక్కు. ఆవు ఆగితే ఇదీ ఆగింది. తొందర లేదు. టిక్కు... ఆగు... టిక్కు...

"మరియమ్మ తల్లీ, మరియమ్మ తల్లీ..." శౌరి కళ్ళు మూసుకున్నాడు. తోక మాత్రం వదల్లా.

జర్రున మొత్తం ఒక్కసారే జారి, గడ్డిలో పడింది దూడ.

కదల్లేదు.

ఆ ముసలి రూపం మోకాళ్ళ మీద కూలబడి, ఒక గడ్డిపరక తుంచి దూడ ముక్కులో దూర్చి తిప్పింది. ఏం లేదు. మళ్ళీ తిప్పింది. ఏం లేదు... మూడోసారి తిప్పితే —

హాచ్చి!

ఇద్దరూ రెండు మీటర్లు వెనక్కి దూకారు. ఆ కాలంలో తుమ్మంటే దూడైనా, దేవుడైనా ఒకటే భయం గదా.

పెయ్యదూడ. లూర్దమ్మ తిరిగి దాన్ని నాకడం మొదలెట్టింది. శౌరి ఏడుస్తా, నవ్వుతా తలెత్తి చూస్తే... ఎవరూ లేరు. బయట గొలుసుల చప్పుడు దూరమైపోతా ఉంది.

డాక్టరు తెల్లారుజామున వచ్చి, తల్లినీ బిడ్డనీ చూసి గ్రాండ్ అనేసి పోయాడు. బాగా తెల్లారాక ఫింటన్ ఫోన్ చేశాడు. గొంతు పీలగా ఉంది.

"ఉందా షెర్రీ?"

"రెండూ ఉన్నాయి బాస్! పెయ్యదూడ! నేనేం చెయ్యలేదు, అంతా మీ జాకే చేశాడు. మంచోడు, కాస్త మాట తక్కువ."

"చేశాడేంటి? జాక్ మనిషా? బ్యాక్ హౌస్ అంటే కొట్టం వెనక గది! అక్కడ గోడకి, ఎర్రది... దూడని లాగే సామాను!"

శౌరి వెనక గదిలో తొంగి చూశాడు. నిజమే, గోడకి ఎర్రగా ఒక ఇనప బడితె, గొలుసులు. సాలీడు దాని మీద హాయిగా కాపురం చేసుకుంటా ఉంది.

ఓరి దేవుడో... జాకీ! కారు టైరు మార్చేటప్పుడు మనం జాకీ అంటాం గదా, దాన్ని ఈ దేశంలో జాక్ అంటారు! మనం పెట్టే ఆ ఒక్క దీర్ఘం వీళ్ళు పెట్టకపోవడం వల్ల సామాను కాస్తా మనిషైపోయింది.

"మరి... వచ్చిందెవరు బాస్?"

"ఎక్కడి నుంచి?"

"వెనకింట్లోంచి. ఎముకల గూడు... ఎడం చేతికి రెండు వేళ్ళు..."

అవతల దగ్గు కూడా ఆగిపోయింది. ఎంతసేపంటే, ముసలాయన పోయాడేమోనని శౌరికి భయమేసింది.

"కార్మక్" అన్నాడు ఫింటన్ మెల్లిగా. "నా తమ్ముడు. వాడిక్కూడా ఆవులున్నాయి, అట్టాంటి జాకే ఒకటుంది. ముప్పై ఒక్కేళ్ళు మాటల్లేవు. వాడి ఇంటి వాకిలి అటువైపు రోడ్డుకుంది. అటువైపోళ్ళందరికీ తెలుసు. ఇటువైపోళ్ళకి... ఎవరూ లేరని నేనే చెప్పా."

"ఏమయ్యింది బాస్, అంతగా?"

"గేటు. వాడు దిగువ గేటు వెయ్యకుండా వదిలేశాడు. ఆవులన్నీ రోడ్డెక్కాయి. వేశానంటాడు. వెయ్యలేదంటాను నేను."

మన దగ్గర గట్టు కోసం నరుక్కుంటారు, వీళ్ళు గేటు కోసం ఒకణ్ణి బతికుండగానే దెయ్యాన్ని చేశారు. పెద్ద తేడా ఏం లేదు.

తర్వాత చిన్నపిల్లోడు అడిగినట్టు అడిగాడంట, "షెర్రీ... రాత్రి వాడు ఎటు పోయాడు?"

"దిగువ గేట్లోంచే."

"వేశాడా?"

శౌరి గుమ్మంలోకొచ్చి చూశాడు.

గేటు బార్లా తెరిచుంది. గాలికి ఊగతా ఉంది. పదకొండు ఆవులు వరసకట్టి, ఎవరో పెళ్ళికి పిలిచినట్టు, రోడ్డు మీద నేవన్ వైపు నడిచిపోతన్నాయి.

శౌరికి చెప్పే పని పడలా. పైన కిటికీ ధడాలున తెరుచుకుంది. రాత్రి రెండు ముక్కలు మాట్లాడలేని మనిషి, నైటు బట్టల్లో సగం బయటికొచ్చి, మేఘం ఉరిమినట్టు —

"కార్మక్!"

దిగువన ఆ రాతి ఇంటి తలుపు తెరుచుకుంది. తమ్ముడి జవాబు పొలం దాటి, కొట్టం దాటి, అంతే గట్టిగా వచ్చింది.

అట్టా ముప్పై ఒక్కేళ్ళ తర్వాత అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాత్రం, ఆడవాళ్ళున్న చోట చెప్పలేనన్నాడు శౌరి.