విడుదల పత్రం

హోసూరు బాగలూరు రోడ్డులోని డిటెక్టివ్ ఆదిలక్ష్మమ్మ ఆఫీసుకు ఏడుస్తూ వచ్చేవాళ్ళే ఎక్కువ. వినుత వణుకుతూ వచ్చింది. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు రంజిత. ఆ పిల్లకు చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ పడకపోతే ప్రాణానికే ముప్పు.

"బిడ్డ ఖర్చు అడిగితే మా ఆయన తిలక్ ఈ కాగితం మొగాన కొట్టినాడమ్మా. బిడ్డకు ఏమీ ఒద్దని నేనే రాసిచ్చినానంట! ఇంట్లో మందు ఈ వారానికే ఉంది."

అసిస్టెంట్ యోగేష్ కాగితం అందుకున్నాడు. అంతా తమిళం. అడుగున కన్నడంలో వినుత సంతకం.

"సంతకం నీదేనా?" అంది ఆదిలక్ష్మమ్మ.

"నాది మాదిరే ఉంది. తిలక్ దొంగ సంతకం పెట్టించినాడు. నాకు తమిళం చదవను రాదు. అవ్వగారింట్లో ఉండి మాలూరులో కన్నడం బడికి పోయినాను. నేను సంతకం పెట్టింది విడాకుల కాగితానికి ఒక్కదానికే. అదీ మా అన్న మురళి చదివి చెప్పినాకే."

"ఏమని చెప్పినాడు?"

"ఇది విడుదల పత్రం, పెట్టేస్తే నీ పీడ విరగడైపోతుంది అన్నాడు. పాపం, బోరెండిపోయి ఆయప్పే కష్టాల్లో ఉన్నా నా కోసం తిరిగినాడు. ఈ సంగతి ఇంకా అన్నకు చెప్పలేదు. తెలిస్తే తిలక్‌ను నరికేస్తాడు."

ఆదిలక్ష్మమ్మ వినుత పాత సంతకాలు తెప్పించి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "ఇది దొంగ సంతకం కాదు యోగేష్. దొంగ యాడో వేరే చోట ఉన్నాడు."

మధ్యాహ్నానికి ఇద్దరూ తిలక్ ఊరు అత్తిముగం చేరారు. తిలక్ గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు.

"సంతకం పెట్టింది ఆమె. నన్నెందుకు అడుగుతారు? నేను ఆ పొద్దు ఊర్లోనే లేను."

"కోడలే ఒద్దనుకునింది, మేమేం చేసేది?" అని వాళ్ళమ్మ మంజులమ్మ తలుపేసేసింది. కన్నకూతురికి సూది మందు ఎగ్గొట్టి, ఎంత నిబ్బరంగా ఉన్నాడు మహానుభావుడు! యోగేష్‌కు ఒళ్ళు మండిపోయింది.

తిలక్ చేనుకు ఆనుకునే మురళి రోజా తోట. చుట్టుపక్కల టమాటాలన్నీ వాడిపోయి ఉంటే, పాలీహౌసులో రోజాలు కళకళలాడుతున్నాయి. యోగేష్ పూలు చూస్తున్నాడు. ఆదిలక్ష్మమ్మ మాత్రం తిలక్ చేనువైపు కంచె కింద దూరిన కొత్త నల్ల పైపును చూస్తోంది.

"మీ చెల్లెలి పేరుతో తిలక్ ఏదో కాగితం చూపిస్తున్నాడప్పా," అంది తోటలోంచి వచ్చిన మురళితో.

"నేను చూడనే లేదమ్మా. ఆ తిలక్ మొగం చూసి ఏడాదైంది, మాటల్లేవు. అయినా బిడ్డ మందుల ఖర్చు కూడా ఒదులుకునేటప్పుడు దీని బుద్ధి యాడ పోయింది?"

"అదే నేనూ అడగల్ల," అంది ఆదిలక్ష్మమ్మ. తిరుగు దారంతా యోగేష్ తిలక్‌ను తిడుతూనే ఉన్నాడు.

మరునాడు, రాకపోతే పోలీసులే వస్తారని కబురు పెట్టి అందరినీ ఆఫీసుకు రప్పించింది.

"ఈ సంతకం వినుతదే." తిలక్ పళ్ళికిలించాడు. "నవ్వకప్పా, ఇంకా ఉంది. దీని మీద తమిళంలో 'విడుదలై పత్తిరం' అని ఉంది. మన ఇండ్లల్లో విడుదలంటే చెరలోంచి బయటపడేది. రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ పత్రం అంటే మన హక్కు మనమే ఒదులుకునేది. ఈ పిల్ల మొదటిది అనుకుని రెండోదానికి సంతకం పెట్టింది."

"నేనూ అట్లే అనుకున్నానమ్మా!" అన్నాడు మురళి గబుక్కున. "నాకేం తెలుసు?"

"నోరు ముయ్!" ఆమె అంత గట్టిగా అరవడం యోగేష్ ఎప్పుడూ వినలేదు. "అక్కచెల్లెండ్ల భాగం రాయించుకునే పత్రం పేరు ఈ జిల్లాలో ఏ అన్నకు తెలీదు? కాగితం చూడలేదన్నావే, దాంట్లో మందుల మాట ఉందని నీకెవరు చెప్పినారు? నేను చెప్పలేదు, నీ చెల్లెలూ చెప్పలేదు. తిలక్‌తో మాటల్లేవన్నావే, వాని బోరు నీళ్ళు నీ రోజాలకు ఎట్ల పారతాండాయి? మేనకోడలి మందు అమ్మి నీళ్ళు కొనుక్కున్నావు. థూ, నువ్వూ ఒక అన్నవేనా!"

మురళి తల దించుకున్నాడు. వినుత అన్న మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"అయితే ఏం?" తిలక్ లేచాడు. "ఎట్ల పెట్టినా సంతకం సంతకమే."

"తెలిసి, నవ్వుతా పెట్టినా ఇది చెల్లదు. మీరిద్దరూ కూడబలుక్కుని రాసుకున్నా చెల్లదు. తన భరణం తనకొద్దని తల్లి చెప్పచ్చు. బిడ్డ కూడు బిడ్డది. దాన్ని ఒద్దనేదానికి తల్లెవరు, తండ్రెవరు? కావాలంటే కృష్ణగిరి కోర్టుకు పోయి జడ్జి ముందర చదువు ఈ కాగితాన్ని."

వినుత లేచింది. ఇప్పుడు వణుకు లేదు. "కోర్టు చెప్పేది చెప్తుంది. నా బిడ్డకు మందు ఈ పొద్దే కావల్ల. పద షాపుకు."

తిలక్ తల్లివైపు చూశాడు. కోడలే ఒద్దనుకుందని ఇన్నాళ్ళూ నమ్మిన మంజులమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "నన్నేం చూస్తావురా, పో," అని కసిరింది.

గుమ్మం దగ్గర మురళి చెల్లెలి కాళ్ళ మీద పడబోయాడు. "తప్పయిపోయిందమ్మా. నేనే కోర్టుకొచ్చి జరిగిందంతా చెప్తాను."

వినుత కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"రా. కోర్టుకు రా. ఇంటికి మాత్రం రావద్దు."