నీడలో ఆరే బట్ట

చెవిలో పాఠధార యంత్రం పలికిన వాక్యాన్నే సుభాషిణి టీచరు పైకి పలికింది. "తడి ఆవిరవుతుంది." ఇక్కడ చిరునవ్వు నవ్వాలి, నవ్వింది. పొద్దున్నుంచి నవ్వి నవ్వి దవడలు లాగుతున్నాయి. మండలంలోని బళ్లన్నీ ఒకే లైనులో ఉంటాయి. అందరు టీచర్లూ కాలికింది మీట నొక్కితేనే పాఠం తర్వాతి వాక్యానికి కదులుతుంది.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద మేష్టారు "పాఠం సగం పీరియడుకే రాసుకోమ్మా, మిగతా సగం పిల్లలే తెస్తారు" అనేవారు. పాఠధార వచ్చాక ఆ సగం వృథా అని తేలింది. నిజం చెప్పాలంటే, రోజూ పాఠం రాసుకునే బాధ తప్పిందని ఆమె కూడా సంబరపడింది. మాట ఇంకొకరిదై నోరు మాత్రమే తనదయ్యాక ఇంత అలసట ఎక్కడినుంచి వస్తోందో ఆమెకు అంతుపట్టడం లేదు.

"నీడలో ఆరేసిన బట్ట ఎలా ఆరుతుంది? గంగాభవానీ, నువ్వు చెప్పు."

పిల్ల లేచి నిలబడింది. ఇప్పటికే రెండుసార్లు గడువులోగా జవాబివ్వలేదు. ఇదీ తప్పితే రేపట్నుంచి చదువు మాన్పించి పనుల శాఖకు మళ్లిస్తారు, అక్కడ ప్రశ్నలుండవు. గడువు తీరినట్టు చెవిలో గంట మోగింది. గంగాభవాని కిటికీ బయటికే చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి. సుభాషిణి మీట మీంచి కాలు తీసేసింది.

"మేడం," చెవిలో పర్యవేక్షకుడు ప్రభుదాసు గొంతు. "మీరు నొక్కలా. మండలమంతా ఆగిపోయింది."

"పిల్ల ఆలోచిస్తా ఉంది సార్, ఉండండి."

"మీ ఉద్యోగానికే ముప్పొస్తదండీ."

"రానీండి." తెగువేమీ కాదు, విసిగిపోయింది.

గంగాభవాని ఇటు తిరిగింది. "తడిని గాలి తాగేస్తది టీచర్. వానాకాలం గాలికి కడుపు నిండిపోయుంటది. అందుకే బట్టలు ఆరవు."

"జవాబు పట్టికలో లేదు," అంది పాఠధార. "తిరస్కరించి కొనసాగండి."

"ఒప్పే," అంది సుభాషిణి పిల్లతో. మీట జోలికి పోలేదు.

ఆగిన లైను తెరిచే ఉంది, ఇక్కడి మాటలు అన్ని బళ్లకూ వినిపిస్తున్నాయి. గోడమీది స్పీకర్లో, ఏ ఊరి బడినుంచో, ఓ పసిగొంతు వినిపించింది. "మరి చలికాలం గాలి టీచర్?" దాని వెనకే ఇంకో బడి, ఇంకో గొంతు.

సుభాషిణి కుర్చీ లాక్కుని కూలబడింది. ఎన్నో ఏళ్ల తర్వాత, తాను పలకాల్సిన వాక్యమేదో ఆమెకు తెలియలేదు.

"నాకూ తెలీదమ్మా," అంది. "మీరే చెప్పండి."